మంట సాక్షిగా కొడుకు

ఎన్నికల ఫలితాలు తెలిసిన మర్నాడు తెల్లవారేసరికి లాగొ ఫుందొ ఊరి ఆడవాళ్ళు శాసనసభ్యురాలు ఫిలొమేన ఇంటి ముందు నిలబడి ఉన్నారు. ఎవరూ తలుపు తట్టలేదు. పిలవలేదు. కాఫీ కాచుకుందామని లేచిన ఫిలొమేన కిటికీలోంచి చూసి, ఎవరైనా పోయారేమోనని గుండె పట్టుకుని బయటికి వచ్చింది.

అందరికంటే ముందు జసీర ఉంది. చిన్నప్పటి నుంచి ఫిలొమేన పక్కన కూర్చుని నూనె పలుకుల కోసం బబసు తాటికాయలు కొట్టిన మనిషి. గొడ్డలి పదును పైకి పెట్టి, పిడిని తొడ కింద అదిమి, కాయను దాని మీద ఆనించి దుడ్డుకర్రతో ఒక్కటి వేస్తే పలుకు చెక్కుచెదరకుండా బయటికి రావాలి. ఆ పనిలో జసీరను మించినవాళ్ళు మేయరీం నది ఒడ్డున లేరు. అలాంటి జసీర ఆ పొద్దున తల ఎత్తలేకపోయింది.

"నిన్ను ఓడించింది వాళ్ళు కాదు, ఫిలొమేనా. మేమే."

విషయం చెప్పడానికి వాళ్ళకు చాలాసేపు పట్టింది. ఒకళ్ళు మొదలుపెడితే ఇంకొకళ్ళు అందుకున్నారు. అక్కడ ఓటు యంత్రంలో అభ్యర్థి నంబరు నొక్కాలి. ఫిలొమేన నంబరు అయిదంకెలు. వాళ్ళలో చాలామందికి చదువు రాదు కాబట్టి మొదటి ఎన్నికలప్పుడే జసీర ఆ అంకెలకు ఒక పాట కట్టింది. కాయలు కొడుతూ అదే పాట, బట్టలు ఉతుకుతూ అదే పాట. ఓటు యంత్రం ముందు కూడా అదే పాడుకుంటూ మీటలు నొక్కేవాళ్ళు. ఇన్నేళ్ళూ యంత్రం ముందుగా రాష్ట్ర శాసనసభ అభ్యర్థినే అడిగేది. ఈసారి వరస మార్చారు. ముందు దేశ రాజధాని బ్రెజీలియా సభకు వెళ్ళేవాణ్ణి అడిగి, ఆ తరవాతే రాష్ట్రానికి వచ్చింది. బ్రెజీలియా వాడికి నాలుగంకెలే. ఫిలొమేన ఆ సంగతి ప్రతి సభలో చెప్పింది, వాళ్ళూ విన్నారు. కానీ యంత్రం ముందుకు వెళ్ళేసరికి చేతులు పాట మాటే విన్నాయి.

"నాలుగంకెలు నొక్కేసరికి తెర మీద ఎవడో మీసాలవాడు ప్రత్యక్షమయ్యాడే," అంది జసీర. "మా ఫిలొమేనకు ఈ వయసులో మొగుణ్ణి తెచ్చారేమో, ముందు పెళ్ళికొడుకును చూపిస్తున్నారు కాబోలు అనుకుని పచ్చమీట నొక్కేశాను. కిర్రుమని మోగింది. మోగితే పడ్డట్టే కదా. నీ ఓటు అయిపోయిందనుకుని ఆ తరవాత మళ్ళీ పాట ఎత్తలేదు."

ఫిలొమేనకు నవ్వాగలేదు. భర్త జకారియాస్ పోయి పాతికేళ్ళయింది. ఆ మీసాలవాడు ఎలా ఉన్నాడో అడిగింది. మొహం మీద మశూచి మచ్చలున్నాయని ఒకళ్ళు, లేవని ఇంకొకళ్ళు వాదించుకున్నారు. ఆ నవ్వులో అందరూ లోపలికి వచ్చారు. ఉన్న గ్లాసులు చాలక కొబ్బరి చిప్పల్లో కూడా కాఫీ పోసింది. ఓడిపోయినందుకు ఆమెకు పెద్దగా బాధ లేదు. ఓటు తప్పుగా వేసి కూడా దాచుకోకుండా తెల్లారకముందే వచ్చి చెప్పినవాళ్ళందరికీ అడిగి మరీ రెండోసారి కాఫీ పోసింది.

కానీ ఒక్క సంగతి మాత్రం కాఫీతో దిగలేదు. కంచెల చట్టం.

ఆ ప్రాంతంలో బబసు చెట్లన్నీ భూస్వాముల మేతభూముల్లో ఉంటాయి. చెట్లను ఎవరూ నాటలేదు, నీళ్ళు పోయలేదు. రాలిన కాయలు ఆవులు తొక్కుకుంటూ పోతాయి. అయినా ముళ్ళకంచె కింద దూరి ఏరుకున్న ఆడదాని వీపు గీరుకుపోయేది. పట్టుబడితే ఏరిన దాంట్లో సగం భూస్వామికి ఇవ్వాలి, లేదా కాపలావాడి కొరడా దెబ్బ తినాలి. ప్రతి కంచెలోనూ మనిషి నడిచేంత గేటు పెట్టాలని, రాలిన కాయలు ఏరుకున్నందుకు ఎవరూ ఏమీ అడగకూడదని, పచ్చని చెట్టును నరకకూడదని ఫిలొమేన బిల్లు పెట్టింది. ఏళ్ళ తరబడి అది కమిటీల బల్లల మీద పడి ఉండి, చివరికి ఈ ఏడాది ఆఖరి సమావేశానికి వచ్చింది. క్రిస్మస్ ముందు సభ మూసేస్తారు. జనవరితో ఆమె పదవి అయిపోతుంది. కొత్త సభలో దాన్ని మళ్ళీ ఎత్తేవాళ్ళు ఎవరూ లేరు. నెగ్గితే ఇప్పుడే నెగ్గాలి.

ఆ పదవి ఆమెను వెతుక్కుంటూ వచ్చింది కాదు. లాగొ ఫుందొ ఆడవాళ్ళే ఆమెను తోసి నిలబెట్టారు. అప్పటికి ఆమెకు సంతకం కూడా రాదు. పోటీ చేయాలంటే న్యాయమూర్తి ఎదుట కూర్చుని సొంత చేత్తో రాసి చూపించాలని నియమం. చర్చి హాలులో సాయంత్రాల బడికి వెళ్ళింది. గొడ్డలి పట్టిన చేతికి పెన్సిలు మరీ తేలిగ్గా ఉండి జారిపోయేది. న్యాయమూర్తి ముందు తన పేరు, ఊరి పేరు, భర్త చనిపోయాడన్న మాట రాసింది. ఆ మాట రాస్తూ కాస్త ఆగితే, తొందరేమీ లేదమ్మా అన్నాడాయన. ఆ ఒక్క మాటకు ఇప్పటికీ ప్రతి ప్రార్థనలోనూ ఆయన పేరు చెప్పుకుంటుంది.

ముందు పురపాలక సభకు గెలిచింది. తరవాత రాష్ట్ర శాసనసభకు. రాష్ట్ర రాజధాని సావ్ లూయీస్‌లో మొదటిసారి సభలోకి అడుగుపెట్టినప్పుడు ఆమె కాళ్ళకున్న రబ్బరు చెప్పులు చూసి కొందరు నవ్వారు. లిఫ్టు నడిపే ముసలాయన మాత్రం తన తల్లి కూడా బబసు కాయలు కొట్టేదని చెప్పి, ఏ గది ఎక్కడుందో, ఎవరికి ఏ వేళప్పుడు కోపం వస్తుందో అన్నీ నేర్పాడు. ఆమె రాజధానిలో ఉన్న రోజుల్లో ఊళ్ళో ఆడవాళ్ళు వంతులు వేసుకుని ఆమె ముసలి అత్తకు వండిపెట్టారు. వానాకాలంలో మునిగిపోని రోడ్డు, కాన్పు గది ఉన్న ఆసుపత్రి, పిల్లల బడికి బస్సు అన్నీ ఆమె తెచ్చిందని ఊరు చెప్పుకునేది. ఆమె లెక్కలో మాత్రం అవన్నీ ఒకళ్ళు పట్టుకుంటే ఇంకొకళ్ళు లాగిన పనులు.

చట్టం సంగతి ఏమిటని ఆ పొద్దున అడిగింది కూడా జసీరే. ఫిలొమేన ఉన్నది ఉన్నట్టు చెప్పింది. అవునని వేసేవాళ్ళు కాదనేవాళ్ళకంటే ఎక్కువే ఉన్నారు. గవర్నరు మనుషులు కూడా మాటిచ్చారు. కానీ సభలో సగానికి మించి మనుషులు ఉంటేనే ఓటింగు. భూస్వాముల పక్షం లేచి బయటికి వెళ్ళిపోతే కోరం పోతుంది, బిల్లు అక్కడితో సరి. ఆ పక్షానికి నాయకుడు ఒస్మార్.

ఆ పేరు వినగానే ఆడవాళ్ళంతా ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

ఒస్మార్ ఆ ఊరి భూస్వామి కొడుకు. వాడికి ఆరేళ్ళప్పుడు ఫిలొమేన వాళ్ళింట్లో బట్టలు ఉతికేది. ఆ ఏడు జూన్‌లో పునీత యోహాను పండుగ మంట వేసినప్పుడు, ఎవరికి వాళ్ళు నచ్చినవాళ్ళ చేయి పట్టుకుని మంట చుట్టూ తిరిగి బంధుత్వం కలుపుకుంటున్నారు. బాప్తిస్మం నాడు బిడ్డకు రెండో తల్లిగా నిలిచే జ్ఞానతల్లిని పెద్దవాళ్ళు ఎంచుతారు. మంట దగ్గర జ్ఞానతల్లిని మాత్రం పిల్లలే ఎంచుకోవచ్చు. పట్టు గౌన్లు వేసుకున్న చుట్టపు ఆడవాళ్ళను దాటుకుని వాడు సబ్బు వాసన వేసే ఫిలొమేన చేయి పట్టుకున్నాడు. వాళ్ళ నాన్న పిల్లాట అనుకుని నవ్వాడు. కానీ ఆ ప్రాంతంలో మంట ముందు అన్న మాటను ఎవరూ ఆటగా తీసుకోరు. అప్పటి నుంచి వాడు ఎక్కడ కనిపించినా చేయి చాపి దీవెన అడగాలి, ఆమె ఇవ్వాలి. ఆమె ఎదుట నుంచి వెళ్ళేటప్పుడు కూడా అడిగే వెళ్ళాలి.

వాడు పెరిగాడు, తండ్రి భూములు చూసుకున్నాడు, తండ్రి పార్టీలోనే శాసనసభకు వచ్చాడు. సభలో ఇద్దరూ ఎదురెదురు బల్లల్లో కూర్చునేవాళ్ళు. మైకులో ఆమె బిల్లును దుమ్మెత్తిపోసేవాడు. అదయ్యాక వచ్చి వంగి చేయి చాపేవాడు. పత్రికలవాళ్ళు దాని మీద బొమ్మలు కూడా వేశారు. ఒకసారి తొందరలో అడగకుండా వెళ్ళిపోతే కారు నది గట్టున ఆగిపోయిందట. ఆ తరవాత ఇక మరచిపోలేదు.

"ఇంకేం, పగ్గం నీ చేతిలోనే ఉంది," అంది జసీర. "బయటికి పోతానంటే దీవెన ఇవ్వనని చెప్పు. గంగిరెద్దులా తలూపుతూ కూర్చుంటాడు."

"దీవెన పెట్టి ఓటు కొంటే అది సంత అవుతుందే."

"సంతైతే ఏం? ఇన్నేళ్ళూ సగం కాయలు వాళ్ళకిచ్చి మనం చేసింది బేరం కాదూ?"

ఫిలొమేన కాఫీ గిన్నె పొయ్యి మీంచి దించింది. జసీర మాటలో తప్పేం లేదు. కానీ ఆ చేయి పట్టుకున్నప్పుడు వాడికి ఆరేళ్ళు. తన తండ్రి ఎలాంటివాడో, ఈ కంచెలేమిటో వాడికి తెలియదు. ఆమె మంచిదని మాత్రం తెలుసు. వాడు పెద్దవాడై ఎటు పోయినా ఆ నమ్మకాన్ని వాడికే ఎదురు తిప్పడం ఆమెకు చేతకాదు. అదే చెప్పింది. జసీర పెదవి విరిచి, నీ మంచితనంతో మా వీపులు గీరుకుపోతున్నాయని సణిగి, ఇంకో చిప్ప కాఫీ పోయించుకుంది.

ఆఖరి సమావేశానికి ఊరి ఆడవాళ్ళు బస్సు కట్టుకుని వచ్చారు. అరటాకుల్లో వేయించిన చేప, కర్రపెండలం పిండి మూటకట్టుకుని గ్యాలరీలో కూర్చున్నారు. మాట్లాడకూడదు, చప్పట్లు కొట్టకూడదు, తినకూడదని కాపలా మనిషి చెప్పాడు. ఊపిరి పీల్చుకోవచ్చా నాయనా అని జసీర అడిగింది.

వేరే బిల్లులు ఒకటొకటిగా అయిపోయాయి. సభాపతి కంచెల బిల్లు నంబరు చదివాడు. ఎదురు బల్లల్లో ఇద్దరు కాగితాలు సర్దుకోవడం ఫిలొమేన చూసింది. ఒకడు కోటు భుజాన వేసుకున్నాడు. అందరి చూపూ ఒస్మార్ మీదే. అతను లేచి తలుపు దాటితే వాళ్ళంతా లేవాలి. అదీ ఏర్పాటు.

ఒస్మార్ లేచాడు. తలుపు వైపు వెళ్ళే దారి వేరే. అయినా చుట్టూ తిరిగి ఆమె బల్ల దగ్గరకు వచ్చాడు. ఎప్పటిలాగే వంగి చేయి చాపాడు.

"దీవించమ్మా."

"ఎక్కడికి నాయనా?"

ఆ ప్రశ్నలో మతలబు ఏమీ లేదు. వెళ్ళేవాడు దీవెన అడిగితే పెద్దవాళ్ళు ఎక్కడికని అడగడం అక్కడి వాడుక. దారి తెలిస్తేనే కదా ఆ దారికి దీవెన. నీ బిల్లును చంపడానికి పోతున్నానని ఆ మొహం మీద ఒస్మార్ ఎలా అంటాడు?

"గొంతెండిపోయింది. మంచినీళ్ళు తాగి వస్తా."

సభలో ప్రతి బల్ల మీదా నీళ్ళ గ్లాసు ఉంటుంది. అతని బల్ల మీది గ్లాసు అంచుదాకా నిండి ఉంది. ఫిలొమేనకు కనిపిస్తూనే ఉంది. పైన గ్యాలరీలో జసీరకు కూడా కనిపించింది కాబోలు, ముందుకు వంగి కమ్మీ పట్టుకుంది.

అతని చేయి ఆమె రెండు చేతుల మధ్య ఉంది. ఇవ్వనని ఒక్క మాట అంటే చాలు. ముళ్ళకంచె గీతలున్న వీపులన్నీ పైన వరసగా కూర్చుని ఆ మాట కోసమే చూస్తున్నాయి. వాళ్ళే ఆమెను ఇక్కడికి పంపారు. వాళ్ళకు రుణపడిన మనిషి తను. అటు చూస్తే జసీర ఇంకా కమ్మీ పట్టుకునే ఉంది. ఇటు చూస్తే వంగిన తల మీద జుట్టు పలచబడి ఉంది. వీడికి కూడా వయసు వస్తోంది అనుకుంది. ఇన్నేళ్ళు, ఎంత కోపంలో ఉన్నా, ఎవరు నవ్వినా, వీడు ఒక్కసారి కూడా సిగ్గుపడి తప్పుకుపోలేదు.

ఎప్పుడూ అనే మాటలే అంది. ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు.

"దేవుడు నీకు తోడుండాలి నాయనా. తీసుకెళ్ళినవాడే క్షేమంగా తిరిగి తీసుకురావాలి."

ఒస్మార్ వెంటనే తల ఎత్తలేదు. తరవాత ఎవరి వైపూ చూడకుండా నడిచి తలుపు తీసుకుని వెళ్ళాడు. తలుపు మూసుకుంది. కోటు భుజాన వేసుకున్నవాడు లేచి నిలబడ్డాడు. అతని వెనక ఇంకో ఇద్దరు లేచారు. ఫిలొమేన బల్ల మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. అయిపోయింది, చేయగలిగింది చేశాను, ఇన్నాళ్ళు ఇక్కడ కూర్చోనిచ్చినందుకు నీకు వందనాలు తండ్రీ అని మనసులో అనుకుంది. పైకి చూసే ధైర్యం మాత్రం లేకపోయింది.

లేచినవాళ్ళు తలుపు దాకా వెళ్ళలేదు. తలుపు అవతలి నుంచి తెరుచుకుంది. ఒస్మార్ మూతి తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు. దారిలో నిలబడ్డవాళ్ళను పక్కకు జరగమని చేత్తో చెప్పి, తన బల్ల దగ్గరకు వెళ్ళి కూర్చున్నాడు. కోటువాడు వంగి చెవిలో ఏదో గట్టిగానే అడిగాడు. ఒస్మార్ బల్ల మీది కాగితాలు ముందుకు లాక్కున్నాడు. నాయకుడు కూర్చుని ఉండగా లేచి పోవడం ఎలాగో తెలియక ఆ నిలబడ్డవాళ్ళు కూడా ఒకరి తరవాత ఒకరు కూర్చున్నారు.

సభాపతి కోరం ఉందన్నాడు. గోడ మీది తెరలో పేర్ల పక్కన దీపాలు వెలగడం మొదలైంది. ఒస్మార్ పేరు పక్కన ఎర్రది వెలిగింది. పచ్చవి ఎక్కువ వెలిగాయి. బిల్లు నెగ్గిందని సభాపతి చదివాడు.

చప్పట్లు కొట్టకూడదన్నారు కాబట్టి గ్యాలరీలో ఆడవాళ్ళు లేచి నిలబడి చేతులు పైకెత్తారు. ఆ చేతుల్ని చూసి కాపలా మనిషి టోపీ తీశాడు.

వీడ్కోలు మాటలకు సభాపతి ఆమెకు సమయం ఇచ్చాడు. ఆమె కాగితం మీద రాసుకున్న వరస కింద వేలు పెట్టుకుని, కూడబలుక్కుంటూ చదివింది. లిఫ్టు ముసలాయనకు, క్యాంటీనులో తన కోసం అన్నం మెత్తగా వండిన వంటామెకు, చర్చి హాలు పంతులమ్మకు, వరస మారినా తన పాటే పాడుకున్న ఊరి ఆడవాళ్ళకు, ఎదురు బల్లలవాళ్ళకు కూడా కృతజ్ఞతలు చెప్పింది. పెద్దగా ఏమీ లేదు. కానీ ఎవరూ నవ్వలేదు, ఎవరూ గడియారం చూడలేదు.

బయట మెట్ల దగ్గర ఒస్మార్ కారు పక్కన నిలబడి ఉన్నాడు. ఆమెను చూసి దగ్గరకు వచ్చాడు.

"కాదనే వేశానమ్మా."

"చూశాను నాయనా. ఎర్రగా వెలిగింది."

"వెళ్ళిపోదామనే లేచాను. లిఫ్టు కూడా వచ్చి ఆగింది." అతను మెట్ల వైపు చూస్తూ చెప్పాడు. "నీళ్ళు తాగి వస్తానని చెప్పాను నీకు. దానికే దీవించావు. ఇక నీళ్ళు తాగకుండా ఎలా, రాకుండా ఎలా?"

"మీవాళ్ళు ఏమన్నారు?"

"ఎందుకు తిరిగొచ్చావని బూతులు తిట్టారు."

"నువ్వేమన్నావు?"

"బయట నీళ్ళు చల్లగా ఉన్నాయన్నాను."

వెనక నిలబడ్డ జసీర పకపకా నవ్వింది. దొరబాబూ, మా ఊరు వస్తే కుండలో ఇంకా చల్లటి నీళ్ళు పోస్తాను రా అంది. ఒస్మార్ కూడా నవ్వబోయి ఆపుకున్నాడు. ఫిలొమేన అతని బుగ్గ మీద చేయి పెట్టి మేలు చేశావు అంది. తను ఏమీ చేయలేదని అతను అన్నాడు. ఆమె ఆ మాటను కాదనలేదు, అలాగని చేయి కూడా తీయలేదు.

గవర్నరు సంతకం అయి, కంచెలకు గేట్లు పడేసరికి వానలు జోరందుకున్నాయి. ఒక పొద్దున ఫిలొమేన బుట్ట వీపున కట్టుకుని ఆడవాళ్ళతో కలిసి ఒస్మార్ మేతభూమికి వెళ్ళింది. కొత్త చెక్కతో చేసిన గేటు వానకు ఉబ్బి బిగుసుకుపోయింది. కాపలావాడు వచ్చి, ముఖం ముడుచుకునే అయినా, భుజంతో తోసి తెరిచాడు. ఆమె చేత్తో గేటు పట్టుకుని వంగకుండా, నిలువునా నడిచి లోపలికి వెళ్ళింది. తడి నేల మీద కాయలు ఎక్కడ చూసినా రాలి ఉన్నాయి. కళ్ళు తుడుచుకుంటూ నాలుగడుగులు వేసేసరికి వెనక నుంచి కాపలావాడు కేకేశాడు.

"గేటు మూసి వెళ్ళండమ్మా. ఆవులు రోడ్డెక్కుతాయి."

నిజమే అనుకుని ఫిలొమేన వెనక్కి వెళ్ళింది. చివరి మనిషి కూడా లోపలికి వచ్చేదాకా ఆగి, గేటు దగ్గరకు లాగి, గొళ్ళెం పడిందో లేదో రెండోసారి కదిపి చూసి, కాయలు ఏరుకోవడానికి వెళ్ళింది.